వెంట్రుకవాసి

ఆదివారం. మొరావా నది పక్కన
గడ్డి కోసిన మర్నాటి వాసన.
వెందులా కారు దిగింది,
చేతికర్ర సీటు మీదే వదిలేసి.
డెబ్బై ఒకటో ఏట ఆమె లైసెన్సు మీద
డాక్టరు ముద్ర గుద్దాడు,
గుండె పూర్తిగా వినకముందే.

అందుకని నేను
జ్లిన్ యాభైని నాలుగో వంతుకు కుదించి
రెండు చలికాలాలు వంటింటి బల్ల మీద కట్టాను.
సూపులో బాల్సా పొట్టు పడిందని
మా ఆవిడ ఓసారి గరిటె విసిరింది.

అసలుదాన్నీ నేనే కట్టాను. అంటే,
ఒత్రోకోవిత్సె కార్ఖానా, మూడో షెడ్డు,
ఎడమ రెక్కకు రివెట్లు కొట్టినవాణ్ణి.
ఒక్క మనిషి, ఒక్క సీటు,
సంచీ పెట్టుకోను చోటుండదు.
ఎక్కడికీ వెళ్ళని విమానం అది.
వెయ్యి మీటర్ల కనిపించని పెట్టెలో
పిల్లిమొగ్గలు వేసి
బయల్దేరిన చోటే దిగుతుంది.

ఆమె డాష్‌బోర్డు మీద అంటించుకునే చీటీ గుర్తుంది:
చిన్న చుక్క దగ్గర మొదలు,
నిండు గీతంటే తల పైకి,
తెగిన గీతంటే తల్లకిందులు,
చివర అడ్డగీత. అంతే.
కింద జడ్జీలు పడక్కుర్చీల్లో ఆకాశాన్ని చదివేవాళ్ళు,
ఐదు డిగ్రీలు వంగితే అరమార్కు కోత.

ఇవాళ ఆమె మెడలో ట్రాన్స్‌మిటర్.
ఇంజిన్ దగ్గింది, ఉమ్మింది, అందుకుంది.
"ఎదురొచ్చేటప్పుడు కుడి ఎడమైపోతుంది, జాగ్రత్త" అన్నాను.
"ఎప్పుడూ లోపలే ఉన్నాను జ్బినియెక్,
నా విమానం నాకెదురు రావడం
ఇదే చూడటం."
విమానానికి వీపు తిప్పి
భుజం మీదుగా చూస్తూ నడిపింది,
ఎవరూ నేర్పకుండానే.

లూప్ అడుగున పొట్ట బిగబట్టింది,
ఆరు రెట్ల బరువు మీద పడుతుందని.
బరువు రాలేదు.
గాలొచ్చి టోపీ కదిలింది.
ఆ ముఖం చూడలేక పెట్రోలు డబ్బా మూత
బిగించిందే మళ్ళీ బిగించాను.

తర్వాత నిలువుగా ఎక్కించింది.
గీత కుడికి జారింది.
మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ కుడికే.
"నీ బొమ్మ వంకర" అంది.
వంకర కాదు. దారం కట్టి, లేజరు పెట్టి కొలిచాను.
అప్పుడు ఆమె బొటనవేలు చూశాను:
పుల్ల మీద, తనకే తెలియకుండా,
వెంట్రుకవాసి కుడికి ఆనించి ఉంది.

ఎనభై నాలుగు, నవంబరు.
షెడ్డులో హీటరు చెడింది, వేళ్ళు కొయ్యబారాయి.
రెక్క మొదట్లో బ్రాకెట్టు రంధ్రం
వెంట్రుకవాసి పక్కకు పోయింది.
ఇన్‌స్పెక్టరు సిగరెట్టుకు వెళ్ళాడు.
బోల్టు తోసి, రంగేసి, నోరు మూసుకున్నాను.
అది ఆమెకే ఇచ్చారని వసంతంలో తెలిసింది.
ఐదు వేసవులు, ఆమె లేచిన ప్రతిసారీ
కంచె పట్టుకుని నిలబడ్డాను.
రెక్క ఊడలేదు. కాస్త ఎడమకు గుంజేది, అంతే.
ఒక ఏడు అరమార్కు తేడాతో రెండో స్థానం.
"నా చెయ్యే వంకర" అంది అందరితో.
ఆ అందరిలో నేనూ ఉన్నాను.

చెబుదామనే నోరు తెరిచాను.
"సరిచేస్తాను" అని వచ్చింది.

రాత్రి ఎడమ రెక్క స్క్రూ వదులు చేసి
పేకముక్క అంచు కత్తిరించి దూర్చాను.
నలభై ఏళ్ళ నాటి తప్పు,
కొలతకు నాలుగో వంతు.

మర్వారం గీత తాపీవాడి గుండుదారంలా లేచింది.
పైన ఒక్క క్షణం ఎటూ కాకుండా ఆగి,
సుత్తిలా తల తిప్పి
ఎక్కిన గీత మీదే దిగింది.
"ఇదీ, ఇది నాది" అంది వెందులా.

ఆ తర్వాత ఎంతసేపటికీ నా వైపు చూడలేదు.
తెలిసిందో, ఎండే కళ్ళలో పడుతోందో.
విమానం గాల్లో ఉండగానే
ట్రాన్స్‌మిటర్ నా చేతిలో పెట్టి
కర్ర కోసం కారు దాకా నడిచింది.

నా చేతుల్లో అది
ఎడమకు, ఎడమకు,
గుంజుతూనే ఉంది.