లేని గాయం

ఆటోనగర్ మూడో క్రాస్‌లో
ఇరవై ఏడేళ్లు మోటార్లు చుట్టాను.
కంకిపాడు బోర్లు, ఉయ్యూరు చెరకు తోటల సబ్‌మెర్సిబుళ్లు.
చెవి ఆనిస్తే చాలు,
బేరింగ్ పోయిందో, రెక్కకి ఇసుక పట్టిందో చెప్పేవాణ్ణి.
ఇప్పుడు నా ఛాతీలోనే ఒకటి బిగించారు.
దానికి చెవి ఆనించాలంటే నా మెడ వంగదు.
ధనకుమారి ఆనిస్తుంది.

"కొట్టుకోవట్లేదండీ" అంది మొదటి రాత్రి.
"తిరుగుతోందే" అన్నాను.

గవర్నర్‌పేట ల్యాబులో కొత్త పిల్ల
నా మణికట్టు పట్టుకుని, నాడి దొరక్క,
మొహం చూసి, మళ్లీ మణికట్టు చూసి
షంషాద్ మేడమ్ కోసం లోపలికి పరిగెత్తింది.
మేడమే ఒకనాడు
సూది గుచ్చిన వేలికి దూది అదిమిపట్టి చెప్పింది:
డెంగ్యూ వస్తే బొప్పాయాకు రసం తాగి పెంచుకుంటామని చూస్తామే,
ఆ ప్లేట్‌లెట్లే, అంకమ్మరావు గారూ.
తెగినచోటికి పోయి అతుక్కోవడం వాటి పని.
మీ పంపు రెక్క పక్కనుంచి పోతుంటే
ఆ ఒరిపిడికి
ఎక్కడో తెగిందనుకుంటాయి.

తెగలేదు.
అయినా ముళ్లు మొలిపించుకుని
ఒకదాన్నొకటి పట్టుకుంటాయి
లేని గాయం దగ్గర.
ఆ గుంపు రెక్కకి చుట్టుకుంటే పంపు ఆగుతుంది.
తెగి పైకి పోతే మాట ఆగుతుంది.

అందుకే సాయంత్రం ఆరింటికి మాత్ర.
ఏలూరు కాలవ గట్టు మీద సైకిలు తొక్కినట్టు
రెండుకీ మూడుకీ మధ్యనే నడవాలి నెత్తురు.
గోంగూర కూడా కొలిచి తినాలి,
ఈ గుంటూరు వియ్యాలవారింట్లో అది ఎవరికి చెప్పను!

మొన్న మే ఎండకి ముక్కు పగిలింది.
రెండు తువ్వాళ్లు తడిశాయి.
ఇది ఉన్న గాయం. నిజం గాయం.
ఒక్కటీ రాలేదు.
లేనిచోట గుమిగూడి అలిసిపోయాయో,
మాత్ర కాళ్లకి అడ్డం పడిందో.

వాటిని ఏమని తిట్టను?
వలీ అనని మాటకి
పదకొండేళ్లు గడ్డకట్టుకుని కూచున్నాను నేను.
వాడి షెడ్డు తగలబడిన రాత్రి
రెండు వీధుల అవతల
మేలుకునే ఉన్నాను.

కరెంటు పోయింది.
బ్యాటరీ మారుస్తూ ధనకుమారి
పాల లెక్కల పుస్తకంలో రాస్తోంది: నాలుగున్నర వాట్లు.
అంకె ఎక్కుతూ పోతే రెక్కకి ఏదో పట్టినట్టే,
అది నాకెవరూ చెప్పక్కర్లేదు.
బోరుదైతే విప్పి
ఉప్పుకాగితంతో రుద్ది బిగించేవాణ్ణి.

ఆ చీకట్లోనే గుమ్మంలో వలీ.
ఎవరు చెప్పారో అడగలేదు.
కూచోమనే లోపే వంగి
అలవాటుగా చెవి ఆనించాడు,
కళ్లు మూసుకుని విన్నాడు చాలాసేపు.
"బేరింగ్ బానే ఉంది."
"దీనికి బేరింగ్ ఉండదురా.
అయస్కాంతంలో తేలుతూ తిరుగుతుంది, దేన్నీ తాకకుండా."
చెవి తియ్యలేదు వాడు.
"దేన్నీ తాకకుండానా?"