అచ్చు గుద్దినట్టు

ఓ క్లెయిర్‌లో నవంబరు, శనివారం పొద్దున.
వెర్లిన్ కారు డిక్కీ తెరిచి
ఐదు ఎర్ర డిస్కులు వరసగా పరిచాడు,
చేపలమ్మే మనిషి బేరానికి ముందు పరిచినట్టు.
ఐదింటికీ పేరొక్కటే. అచ్చొక్కటే.
అడుగున మార్కరుతో రాసిన బరువూ ఒక్కటే,
నూట డెబ్బై రెండు గ్రాములు.
"ఏది కావాలో చూసుకో."
అన్నీ ఒకటే కదా అన్నాను.
ముప్పై నాలుగేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి
అద్దంలోంచి వెనక సీటు అల్లరిని చూసిన చూపు ఒకటుంది,
అది చూశాడు.

అరచేత్తో తడిమాను.
ఒకదాని వీపు పూరీలా పొంగింది.
ఇంకొకటి నిన్నటి పూరీ.
మూడోది ఎటూ తేల్చుకోలేదు.

నా పని పళ్ళ అచ్చులు పోయడం.
కిటికీ లేని ల్యాబులో
ముక్కూ మొహం తెలియనివాళ్ళ దవడలు
రోజుకు పద్నాలుగు.
వేడిగా పోసిందేదీ పోసిన కొలతలో చల్లారదు,
కొంచెం ముడుచుకుంటుంది, కొంచెం బిగుసుకుంటుంది,
ఆ కొంచెం ఎంతన్నది దాని ఇష్టం.
ఇదంతా తెలిసీ
అచ్చు గుద్దినట్టు అనే మాట నోట్లోంచి పోదు.
ఎవరి మొహం చూసి ఎవరన్నారో గాని
అచ్చుల దగ్గర పనిచేసినవాళ్ళు మాత్రం అని ఉండరు.

నా మొదటి డిస్కు చవకది. ఏడు డాలర్లు.
సుద్దముక్కలా చేతికి పట్టు దొరికేది.
కొత్తలో మొండి. ఎంత తిన్నగా విసిరినా
చివర్న ఎడమకి అలిగి పొదల్లోకి పోయేది.
ఓక్ చెట్లు దాన్ని బాగా కొట్టాయి.
అంచంతా కుక్క నమిలిన చెప్పు.
జూన్‌కి తిన్నగా పోవడం నేర్చింది.
ఆ తర్వాత పది వారాలు
నేను ఎటు చూస్తే అటు వెళ్ళింది.
పది వారాలే.
సెప్టెంబరులో కుడికి ఒరగడం మొదలుపెట్టింది,
ఇక చెప్పినా వినలేదు.

ఖరీదైన ప్లాస్టిక్‌ది కూడా ఒకటుంది, పద్దెనిమిది డాలర్లది.
మూడేళ్ళు. ఒక్క గాటు లేదు.
రాయికి తగిలితే రాయిదే తప్పన్నట్టు లేస్తుంది.
నిన్న ఎలా ఎగిరిందో ఇవాళా అలాగే.
దాని గురించి చెప్పడానికి ఇంకేం లేదు,
గడ్డకట్టే చలిలో మాత్రం
తడి సబ్బు.

అక్టోబరు రెండో వారం, చవకది
కుడికి ఒరిగి ఒరిగి చిప్పెవా నదిలో పడింది.
మోకాళ్ళ దాకా దిగి వెతికాను.
బీరు డబ్బా దొరికింది.

అదే పేరు, అదే రంగు, అదే బరువు తెప్పించాను.
పోస్టులో వంకర తిరిగి వచ్చింది.
వెర్లిన్ చెప్పిన వైద్యం చేశాను:
గిన్నెలో మరిగే నీళ్ళు, నిమిషం మునక,
తీసి గట్టు మీద పెట్టి
పైన నిండా నీళ్ళున్న ప్రెషర్ కుక్కరు, తెల్లవార్లూ.
వంకర పోయింది.
ఎడమకి అలగడం పోలేదు.
అందుకే ఇవాళ ఈ ఐదూ.

ఎంచుతుంటే అతను సంచీ అడుగునుంచి
ఇంకొకటి తీశాడు. రంగు వెలిసి
ఉల్లిపొర రంగుకొచ్చింది. వెనక ఎ.హెచ్. అని పొడి అక్షరాలు.
భుజం పోయాక ఆర్డిస్ విసరడం మానేసిందట,
డిస్కు మానలేదట.
పట్టుకున్నాను. అంచు మెత్తగా,
వాడిన కత్తిపీట పిడిలా, ఎవరి వేళ్ళకో ఒదిగి ఉంది.
ఎంతకిస్తావు అన్నాను.
"ఇవ్వను. ఊరికే చూపించాను."
నా చేతిలోంచి తీసుకుని సంచీలో పెట్టేశాడు.

నిన్నటి పూరీనే తీసుకున్నాను.
మొదటి టీ మీద నిలబడి విసిరాను.
తిన్నగా, తిన్నగా, ఇంకా తిన్నగా వెళ్ళి
చివర్న ఎడమకి.
"ఇరవై చెట్లు తగలనీ," అన్నాడు వెర్లిన్
గ్లవ్స్ తొడుక్కుంటూ.

టక్.

పందొమ్మిది.