తాలు

ఆరు రోజులు మిర్చియార్డులో
తాలు కాయలు ఏరే చేతులు నావి.
ఏడో రోజూ ఊరుకోవు.

ఇవాళ ప్రభు భోజనం.
నా ముందు వరసలో సలోమి,
నా బాకీ తీర్చకుండా కొత్త చీర.
గుమ్మం దగ్గర సంఘపెద్ద ఏలీయా,
మొన్న అరండల్‌పేట సందులో తూలినవాడు.
తొడిమ పట్టి ఒక్కొక్కరినే
పక్కకి విసిరేస్తున్నాను.

"మీలోకి మీరు చూసుకోండి" అని
అయ్యగారు మౌనంగా నిలబడ్డారు.
కళ్ళు మూసుకోబోతూ నలుపుకున్నాను.
గోళ్ళ సందున మిగిలిన కారం
భగ్గుమంది.

"ఏడవకు వదినా, ఆయనకి తెలుసులే."
సలోమి తన కొంగు నా చేతికిచ్చింది.
ఏడుపు కాదే, కారం అని చెప్పాలి.
చెప్పలేదు.
అందరూ నన్నే చూస్తుంటే
బాగానే ఉంది.

గిన్నె ఇంకా రెండు వరసల అవతల.
ఆ కొత్త కొంగు మీద
నా వేళ్ళ ఎర్ర మరక.