అచ్చులో ఉందా?

మా లైబ్రరీలో వైఫై
మూడో మెట్టు దగ్గరే అందుతుంది.
నాలుగో మెట్టుకి గోపాలపురం గాలి తప్ప ఏమీ రాదు.
అందుకని పరిశోధకులందరం
మూడో మెట్టు మీద భుజాలు రాసుకుంటూ
లోకాన్ని వెతుకుతుంటాం.

కెమిస్ట్రీ నిరాకార్ ఎవరో జపాను ఆయన వ్యాసానికి
డబ్బు కట్టమంటే దొడ్డిదారి వెతుకుతాడు.
ఒడియా శాఖ సులోచన మొదటి పేజీ దాటదు,
రెండో పేజీలో దయ్యాలుంటాయంటుంది.
మా గైడు సాబత్ సారు రోజూ తన పేరే వెతుక్కుంటారు,
రాత్రికి రాత్రి ఎవరైనా తనని ఉదహరించారేమోనని.
తెలుగులో కోప్పడతారాయన, ఒడియాలో మెచ్చుకుంటారు.
నాతో ఎప్పుడూ తెలుగే.

నేను వెతికేది ఒక్క మాట.
అచ్చు అతికేవాళ్లు.
బరంపురం పట్టుమగ్గాల మీద
పాత పడుగు కొసకి కొత్త పడుగుని
పోగు పోగునా మెలిపెట్టి కలిపే ఆడవాళ్లు.
కూలి ఖాతాల్లో వాళ్ల పేర్లు లేవు.
జనాభా లెక్కల్లో ఇల్లాళ్లు.

అచ్చు అని కొట్టాను.
అ ఆ ఇ ఈ వచ్చాయి,
వెంట రంగురంగుల అమ్మా, ఆవూ.
మళ్లీ కొడితే ముద్రణాలయాలు, బెల్లం అచ్చులు,
అచ్చుగుద్దినట్టు తండ్రిలా ఉన్న ఏదో హీరో కొడుకు.
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను.
తుమ్ముతున్న పిల్లి వచ్చింది.
ఒడియాలో కొడితే నా తప్పు తనే దిద్దుకుని
ఆచార్ చూపించింది.
మా ఊరి ఊరగాయని నాకే అమ్మబోయింది.

“మిళిలా కి?” అంటాడు ఉద్ధవ భాయినా
సాయంత్రం తాళాలగుత్తి ఊపుకుంటూ.
దొరకలేదంటే, చెదలు మిగిల్చిన కార్డుల సొరుగు లాగి
మెల్లగా వేళ్లతో చదువుతాడు.
మూడు లిపులు, ఎవరెవరివో దస్తూరీలు.
‘నేత’ కార్డు ‘చిన్న పరిశ్రమలు’ చూడమంటుంది,
అక్కడికి పోతే ‘నేత’ చూడమని.
తోడికోడళ్లు అంట్లు ఒకరి మీదికొకరు తోసుకున్నట్టు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది.
ఊరికే కూర్చోలేక సిటీ బస్సెక్కి
మగ్గాల వీధిలో దిగాను.

చౌడమ్మ గుంటమగ్గం వెనక కూర్చుని ఉంది.
కళ్లజోడుకి ఒక పక్క కమ్మీ, ఒక పక్క పట్టుదారం.
వేళ్లకి బూడిద.
నోటుబుక్కు తెరిచాను. ఎంతమంది మీరు? ఎప్పణ్ణుంచి? కూలెంత?
“ఉండవే, లెక్క తప్పిస్తావు” అంది.

పాత పోగు, కొత్త పోగు, చిటికెడు బూడిద, ఒక మెలి.
పాత పోగు, కొత్త పోగు.
నాలుగువేల పోగుల్లో దేని జత ఏదో వేలికి తెలుసు.
తెగినది తగిలితే మాత్రం ఆగుతుంది,
అది ఎక్కడ తెగిందో అక్కడిదాకా వెనక్కి పోతుంది.
మధ్యలో వదిలేసి ‘తదితరాలు’ అనదు.

చీకటిపడే వేళకి నాకూ కాస్త బూడిద పెట్టింది.
నేను కలిపిన పదకొండిట్లో ఏడు ఊడొచ్చాయి.
తిట్టలేదు. ఏడూ మళ్లీ కలిపింది.
తిరుగు బస్సులో
నా వేలిని నా ఫోనే గుర్తుపట్టలేదు.

సోమవారం సాబత్ సారు ఎర్రపెన్ను తీసి,
“ఎవరీ చౌడమ్మ? సంవత్సరమేది? పేజీ ఏది?
ఇది ఎక్కడైనా అచ్చులో ఉందా?”

అచ్చులోనే ఉంది సార్ అన్నాను.
వెదురు అచ్చు, పళ్లు రెండు విరిగాయి.
ఇవతల పాత చీర ఆఖరి బెత్తెడు,
అవతల ఇంకా పుట్టని చీర.
ఎడమ నుంచి లెక్కపెడితే
ఊడిపోయేలా ఉన్నవి నాలుగు, నావి.

పెన్ను మూత పెట్టారు. తీశారు.
మార్జిన్లో ప్రశ్నార్థకం ఒకటి సగం గీసి, 
కింది చుక్క పెట్టకుండా వదిలేశారు.
కిటికీలోంచి మూడో మెట్టు వైపు చాలాసేపు చూసి,
“ఆదివారం నన్నూ తీసుకెళ్తావా?” అన్నారు,
ఒడియాలో.