శివారు ఎరుపు

రాజోలు కాలేజీ, మేడ మీది ల్యాబు.
కాలవలు కట్టేసిన రోజులు. కిటికీలోంచి బురద వాసన.
కరెంటు పోతే ఇంక్యుబేటరుకి గోనెపట్టా కప్పుతాను.
లోపల ముప్ఫై డిగ్రీల వెచ్చదనంలో
సోంబాబు కల్లులొట్టి మడ్డికి దూరపు చుట్టం,
హైదరాబాదు నుంచి పోస్టులో వచ్చిన ఈస్టు.

తెలుపునిచ్చే జన్యువొకటి.
దాన్ని క్రోమోజోము నడిమి నుంచి పెకలించి
చిట్టచివర నాటారెవరో.
ఒక్క అక్షరం పోలేదు. అయినా
కొన్ని కణాలు దాన్ని చదవవు, ఎర్రబడతాయి.
ప్లేటు నిండా కాగితం గాలిమరల్లా
ఎరుపు రెక్క, తెలుపు రెక్క.

ఫోను చార్జింగుకొచ్చిన లస్కరు జకరయ్య
మూతలోంచి చూసి అన్నాడు:
"శివారు భూమి గదండీ మేడంగారూ.
ఆయకట్టు పుస్తకంలో నీళ్ళుంటాయి.
చేలో ఉండవు."

ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను,
ఇంత బాగా చెప్పలేదు.

నోరు మూయించే ఈ ప్రోటీన్లకు సర్ అని పేరు.
పిల్లలు నవ్వుతారు, సార్లొస్తే క్లాసు గప్‌చిప్ అని.
రెండో సారు హిస్టోన్ల తోకల మీద
ఎసిటైలు గుర్తులు గిల్లేస్తాడు,
బోసిపోయిన చోట మూడూ నాలుగూ కూర్చుంటారు,
పక్కకి మళ్ళీ రెండోవాణ్ణి పిలుస్తారు, అక్కడా గిల్లుడే,
గుర్రపుడెక్క రేవు నుంచి రేవుకి పాకినట్టు.
మొదటి సారుకి శివారులో పెద్ద పని లేదు.
జత కట్టడానికి ఈస్టుకి రెండు తీర్లు;
ఆ రెండు పాఠాల నకళ్ళు దాచిన మూలగదులున్నాయే,
వాటి తాళం దగ్గరే అతని డ్యూటీ.
రైబోజోముల కోసం రాసిన పొడుగాటి వరసలో మాత్రం
రెండో సారుకి వేరే జతగాడు;
మూడూ నాలుగూ లేకుండానే అక్కడ పని జరిగిపోతుంది.
ఒకే మౌనం కాదు. చోటుకొక మౌనం.

"మరి గండి పడితేనో?"

పడుతుంది. కణం ముసలిదైతే
ఆ పొడుగు వరసలోనే చీలికలు.
సార్లంతా అటు పరుగెడతారు,
మూలగదుల తలుపులు తెరుచుకుంటాయి.
రెండు పాఠాలూ ఒకేసారి చదివిన కణానికి
ఇక ఎవరితోనూ జత కుదరదు.

అతను కాసేపు మాట్లాడలేదు.
"ఏటిగట్టు తెగిన రాత్రి
మా ఆరుగుర్నీ అటే తోలారండీ.
లాకు దగ్గర నేనుండాల్సింది."
అక్కడే ఆపాడు. నేనూ అడగలేదు.

నాలుగో సారు లేని ప్లేటు తీసి చూపించాను.
ఒక్క ఎర్ర చుక్క లేదు, సున్నం వేసినట్టు.
బాగుందంటాడనుకున్నాను.
అతను పాత ప్లేటు మీదే,
ఎర్ర రెక్క మధ్య సన్నటి తెల్ల చీలిక మీద వేలు పెట్టి
"ఇక్కడెవరో షట్టరు రెండంగుళాలు ఎత్తారండీ.
ఆడ్నించి కిందికంతా తడే" అన్నాడు,
నలభై శాతం చాల్లెమ్మని ఫోను పీక్కుంటూ.