కడిగిన గ్లాసులు

శుక్రవారం బయాను మైకులో వినపడతాంది.
అల్మాస్‌పేటలో మా మిద్దె మీద చింతపండు ఎండబోస్తా
వేళ్ల మీద లెక్క పెట్టుకుంటాండా.
పిండినోడు, పిండించుకున్నోడు,
తాగినోడు, మోసినోడు, మోయించుకున్నోడు,
పోసినోడు, అమ్మినోడు, ఆ రూకలు తిన్నోడు,
కొన్నోడు, ఎవరి కోసం కొన్నారో వాడు.
పదిమంది మీద లానత్.
రెండు చేతుల వేళ్లూ అయిపాయ.
గ్లాసులు కడిగినదాని ఊసు రాలే.

నేను కడిగినా.
కువైట్‌లో కాదు. ఆడ ఆ ఇంట్లో
అత్తరు వాసన తప్ప ఇంకోటి లేదు.
ఎండలు ముదరంగానే ఇల్లంతా లండన్ పోతాండ్రి,
పెట్టెల్తో పాటు నేనూ.
అంత పెద్ద ఊర్లో నేను చూసింది
ఒక వంటిల్లు, ఒక లిఫ్టు, కిటికీలో సగం చెట్టు.

ఒక్క బల్ల చుట్టూ ఎన్ని గీతలో!
పెద్దకొడుకు మిశారీ ఎర్రటిది తాగుతాడు,
పంది కొవ్వు కలిసిందేమోనని మాత్రం
బిస్కత్తు పొట్లం తిప్పి తిప్పి చదువుతాడు.
దలాల్ తాగదు. తాగేటోళ్ల పక్కన నవ్వుతా కూచుంటాది,
ఫోటో తీసేటప్పుడు సీసాను కుర్చీ కిందికి తోస్తాది.
నడిపోడు బదర్ సీసా ఉన్న బల్ల కాడ కూచోడు.
ప్లేటు చేతబట్టుకొని వంటింట్లో నా పక్కన నిలబడి తినిపోతాడు.
అన్నను ఒక్క మాట అనడు.
అన్న ప్లేటు ఖాళీ అయితే వాడే పోయి వడ్డిస్తాడు.
ముసలామె హెస్సాకు అన్నీ తెలుసు.
"మాబున్నీ, జానమాజు ఉండే గదిలోకి
ఆ గ్లాసులు రానీయొద్దు" అనె.
అంతే. ఇంకేమీ అనలే.

అర్ధరాత్రి వేడినీళ్లల్లో గ్లాసు తిప్పుతాంటే
అడుగున మిగిలిన ఎరుపు
గోరింటాకు కడిగిన నీళ్ల మాదిరి పారె.
మా నాయన సారాయి వాసన కాదది.
అయినా ఆయప్పే గుర్తుకొచ్చె.

తిరుగు విమానం నుంచి కువైట్ దీపాలు కనపడంగానే
మిశారీ యాలకులు నమిలె,
దలాల్ తలకు గుడ్డ చుట్టుకొనె.
నాకూ రెండు యాలకులు ఇచ్చిరి.
ఎందుకని అడగలే. నమిలినా.

మదర్సాలో ఆలిమమ్మను అడిగితే
"జీతానికి కడిగినావు, మనసుతో కాదు గదా,
తౌబా చెయ్" అనె.
చేసినా.
ఆ జీతంతోనే ఈ మిద్దె పడింది.
తౌబా కూడా ఈ మిద్దె మీదనే చేసినా.

ఖలందర్ ఏడురోడ్ల కాడ ఆటో పెడతాడు.
తాగిన రాత్రి దర్గా వీధిలో రాడు,
బుగ్గవంక అవతల నుంచి చుట్టు తిరుక్కొని వస్తాడు.
డీజిలు దండగ.
"పీర్ల ముందర ఈ నోటితో యెట్ల పోవాల?" అంటాడు.
అదే నోటితో నన్ను తిట్టేదానికి ఏ వీధీ అడ్డం రాదు.

రంజాను నెలవంక కనపడితే సీసా బంద్.
ఈదు అయిన మూడోనాడు
ఆటో మళ్లా చుట్టుదారి పడతాది.
"నెలన్నా ఆగుతాడు గదమే, దానికి సంతోషపడు"
అంటాది మా ఆడబిడ్డ.
పడతాండా. పదకొండు నెలలు ఆ ఒక్కదాన్నే
సన్నగా తుంచుకొని తింటాండా.
హెస్సా ముసలామె యెట్ల సర్దుకుంటాండెనో,
ఆమె అరబ్బీలో నాకు అంత మాట అడగను రాలే.

నిన్న రాత్రి వాని గ్లాసు తోముతాంటే
చిన్నది నస్రీన్ వచ్చి
"ఇటియ్యిమా, నేను తోముతా" అనె.
తొమ్మిదేండ్ల చేతులు.
ఇయ్యలే.
ఆ పదిమందిలో మనం లేమని మైకు చెప్పంగానే
నా చేతికి పదకొండో వేలు మొలిచినట్టుండాది,
దాన్ని దానికి అంటనిస్తానా?

గ్లాసును మెట్ల కింద చీకట్లో బోర్లించి పెట్టినా.
పొద్దుగూకినాక ఖలందర్ వెతుక్కుంటా
"యాడ పెట్టినావే?" అనె.
"ఇంట్లోనే ఉండాది,
చుట్టు తిరుక్కొని రా" అన్నా.