గునియాకు కుదరని గది

శాలిబండ చడావు మీద, సన్న గల్లీల పాత ఇల్లు.
లోపలి గదికి టైల్స్ పరవాలె.
నేను హెల్పర్ని, మణెమ్మ.
పదోతరగతి లెక్కలల్ల పదకొండు మార్కులు.
ఆ సంగతి లతీఫ్ ఉస్తాద్‌కు చెప్పలే.

ముందుగాల దారం తీసిండు.
"జానెడుకో ముడి వెయ్. పన్నెండు జానలు కావాలె.
ఆఖరికి కొసలు రెండూ కలిపి కట్టు."
ఎవరి జాన, ఉస్తాద్?
నాదానికి నీదానికి రెండేళ్ల తేడా ఉన్నది.
"ఎవరిదైతేంది?
మొదలుపెట్టిన చెయ్యితోనే ముగించు, చాలు."

ఒక మేకు కొట్టినం.
మూడు జానల దూరంల ఇంకోటి,
దానికి అడ్డంగ నాలుగు జానలకు మరొకటి.
మిగిలిన ఐదు జానలు ఏటవాలుగ
వాటంతటవే బిర్రుగ సాగినయ్.
నడిమి మేకు కాడ ఒక మూల పుట్టింది.
ఉస్తాద్ ఇనుప గునియా తెచ్చి అందుల పెట్టిండు.
గీతకు గీత. నడుమ వెంట్రుక పట్టదు.

బళ్ళె ఎవరో చెప్పినట్టే ఉన్నది ఇది,
బోర్డు మీద, చాక్‌పీస్ కిర్రుమంటుంటె.
అప్పుడు నాకు అక్క పాత జామెట్రీ బాక్సు.
అండ్ల వృత్తలేఖినికి ఒక కాలు వదులు,
కుంటుకుంట కుంటుకుంట గుండ్రం గీసేది,
బయలెల్లిన చోటికి ఎన్నడూ మళ్ళి రాకపోయేది.

దారం పొంటి మొదటి వరుస పరిచినం.
ఈ కొస గోడకు ఆనింది.
ఆ కొసకు పోయేసరికి
గోడకూ టైల్‌కూ నడుమ బెత్తెడు సందు.
నేను భయపడ్డ, నా ముళ్ళు తప్పాయేమోనని.
ఉస్తాద్ నవ్విండు:
"గోడలన్నీ తొంభై అనుకుంటరు.
ఇది ఎనభై ఎనిమిది.
కట్టినోడు ఆ పొద్దు ఏం తిన్నడో, తిన్నడో లేదో!"

చాయ్ వచ్చింది.
నాలీ జాలికి గుండ్రం కావాలంటె
సాసర్ బోర్లించి పెన్సిల్ తిప్పిండు.
అదే సాసర్ చుట్టూ నేను దారం చుట్టిన,
విప్పి, సాసర్ అడ్డంకు కొలిచిన.
మూడు సార్లు పట్టింది. ఇంకొంచెం మిగిలింది.
బకీట్‌కు చూసిన: మూడు, ఇంకొంచెం.
సిమెంట్ తట్టకు చూసిన: మూడు, ఇంకొంచెం.
ఆ ఇంకొంచెం ఎంత, ఉస్తాద్?
"దాని వెంబడి పోయినోళ్ళు
ఇంకా ఇంటికి రాలేదంట," అని
చాయ్ చప్పరిచ్చిండు.

ఆయన ఫోన్ మాట్లాడతానికి బయటికి పోయిండు.
పగిలిన టైల్ ముక్క ఒకటి నా కాళ్లకాడ, మూడు మూలలది.
ఎందుకో మూడు మూలలూ మిషన్‌తో కోసిన.
మూడు మొనలూ ఒక్క చుక్క కాడికి
పక్కపక్కన జరిపిన.
కింద అంచు సాఫ్‌గ ఒక గీతైంది.
ఇంకో ముక్క తీసుకున్న, సన్నది, మొండిది,
ఒక మూల సూది లెక్క, ఒక మూల దౌడ లెక్క.
అదీ గీతే.
మూడోది కూడ.

దుమ్ముల చతికిలబడి చూసుకుంట కూసున్న.
ఇది నాకు ఎవ్వరూ చెప్పలే.
చెప్పే ఉంటరు, నేనే వినలేదేమో.
అయినా ఈ పొద్దు దీన్ని
నా చేతులతోని నేనే పట్టుకున్న.
పదకొండు కింద సార్ కొట్టిన ఎర్ర గీత
ఇంత సాఫ్‌గ లేకుండె.

సందుకు ముక్కలు నేనే కోస్తనన్న.
ఉస్తాద్ నా మొకం చూసి, మిషన్ ఇడిచిపెట్టిండు.
ఒక కొసకు బెత్తెడు, ఒక కొసకు సున్న,
నడుమ ఒక్కో ముక్క ఒక్కో తీరు తగ్గుకుంట.
ఒకటి పగిలింది. ఇంకోటి కోసిన.
ఇంటి పెద్దామె వచ్చి చూసి
"అల్మారా అక్కడ్నే పెడతం బిడ్డా, కనపడదు లే," అన్నది.
కనపడకున్నా సరే,
చెయ్యితోని తడిమి తడిమి చూసిన.
ఎక్కడా మెట్టు తగల్లే.

రాత్రి బస్సుల, సీటు అంచు మీద జాన వేసి చూసిన.
రెండు జానలు, మూడేళ్లు.
చోటు అడుగుతున్ననేమో అనుకొని
పక్కామె కొంచెం జరిగింది.